కాగితం పడితే కాపురం పోతుందా?

"కాగితం పడిందంటే కాపురం పోయినట్టేమ్మా." నెల్లూరు వైపైనా, ఒంగోలు వైపైనా మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి ఈ మాట వినకుండా ఉండదు. ఊరి పెద్దమనిషి అంటాడు, పుట్టింట్లో మేనమామ అంటాడు, స్టేషన్ గుమ్మంలో రైటర్ అంటాడు, కట్టు కడుతూ నర్సమ్మ కూడా అంటుంది. చెడు కోరి అనేవాళ్లు తక్కువే. మంచి చెప్పామనే అనుకుంటారు. ఈ మధ్య అదే మాట ఒక కౌన్సెలింగ్ గదిలో, అందుకోసమే జీతం తీసుకునే మనిషి నోట వినపడింది. ఈ పోస్టుకు కారణం అదే.

నేను దీన్ని తిరగేసి చెబుతాను. మాటలకంటే ముందు రాత పడాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు, తేదీ వేసి, నంబరు వేసి ఎవరో ఒకరు రాయాలి. ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాలి. ఓదార్చడం, నచ్చజెప్పడం, మొగుణ్ని పిలిపించడం, అన్నీ ఆ తర్వాతే. సఖి కేంద్రం (హింసకు గురైన ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం), 181 (మహిళల హెల్ప్‌లైన్), ఉచిత న్యాయ సహాయం, గృహహింస చట్టం అని మనం లెక్కపెట్టే సాయాలన్నీ ఆ మొదటి కాగితం ఉంటేనే కదులుతాయి. లేకపోతే ప్రతి గుమ్మం దగ్గరా ఆమె కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నాలుగో గుమ్మం దగ్గర ఓపిక అయిపోయి ఇంటికి పోతుంది.

క్యాజువాలిటీలో ఒక్క వాక్యం

ఏ ఊరి ఆస్పత్రైనా అనుకోండి. రాత్రి పదిన్నర. కనుబొమ్మ చిట్లిన ఆమె బల్ల మీద, పక్కన అత్తగారు, గుమ్మం దగ్గర మొగుడు. డ్యూటీ డాక్టరు "ఏమైందమ్మా" అంటే అత్తగారే అందుకుంటుంది: "మెట్ల మీద జారింది సార్." ఓపీ చీటీ మీద ఇంగ్లీషులో అదే ఎక్కుతుంది. రేకుల ఇంట్లో మెట్లెక్కడివని అడిగేవాళ్లుండరు. నాలుగు కుట్లు, ఒక టీటీ సూది, వెళ్లిపోతారు. ఏడాది తర్వాత కోర్టులో అవతలి లాయరు మొదట తీసేది ఆ చీటీనే.

జరగాల్సింది పెద్ద పనేం కాదు. తోడొచ్చినవాళ్లను మందుల చీటీ ఇచ్చి బయటికి పంపాలి. కర్టెన్ లాగి, "ఎవరైనా కొట్టారా?" అని సూటిగా అడగాలి. చెబితే, "భర్త కర్రతో కొట్టాడని ఈమె చెబుతోంది" అని ఆమె మాటగానే రాయాలి. నిజమో కాదో తేల్చే పని డాక్టరుది కాదు. గాయం ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, ఇవి మాత్రం డాక్టరు పనే. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆ మీదట ఆకుపచ్చగా, పసుపుగా మారి ఇంచుమించు రెండు వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది. రంగు చూసి కచ్చితమైన తేదీ చెప్పలేం గానీ, ఒకే ఒంటి మీద పసుపూ నీలమూ రెండూ ఉంటే దెబ్బలు ఒక్కనాటివి కావని చదివినవాళ్లకు అర్థమవుతుంది. "ఒంటిపై పలు గాయాలు" అని ఒక ముక్కలో తేల్చేస్తే ఈ సాక్ష్యమంతా పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది గొంతు. "గొంతు పట్టుకున్నాడు సార్" అని ఆమె చివర్లో, ఏదో చిన్న విషయంలాగా చెబుతుంది. పైకి మచ్చ ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగేటప్పుడు నొప్పి, కళ్లలో సన్నటి ఎర్రచుక్కలు, ఆ సమయంలో తెలియకుండా మూత్రం పోవడం, వీటిని అడిగి రాయాలి. లోపలి వాపు, రక్తనాళం దెబ్బ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత ప్రాణం మీదికి తెస్తాయి. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆమె తర్వాత చచ్చిపోయే ప్రమాదం మామూలు దెబ్బల కేసులకంటే చాలా ఎక్కువ. ఆమెను ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచుకోవడం, అదే ఇంటికి పంపకపోవడం చికిత్సలో భాగమే.

ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసు) నంబరు పడిందా లేదా అని అక్కడే అడగండి. నంబరు పడితే పోలీసు ఔట్‌పోస్టుకు సమాచారం పోతుంది. పడకపోతే అది మెట్ల మీద జారిన కేసుగానే మిగులుతుంది.

"స్నానం చేసేశాను, ఇంకేం లాభం"

లైంగిక దాడి జరిగినప్పుడు ఈ మాటతోనే చాలామంది ఆగిపోతారు. స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా వస్తే మేలే. చేసేసినా రావాలి. దాడి జరిగిన 96 గంటల దాకా నమూనాలు తీస్తారు, స్నానం చేసినా కొన్ని దొరుకుతాయి. ఆ గడువు దాటినా చికిత్స, గాయాల నమోదు ఆగవు. ఆనాటి బట్టలు ఉతక్కుండా, తడిగా ఉంటే నీడలో ఆరబెట్టి, కాగితం సంచిలో పెట్టి తేవాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే తేమకు బూజు పట్టి డీఎన్ఏ చెడుతుంది. మన ఇళ్లలో ఏదైనా కవర్లో చుట్టేయడమే అలవాటు కాబట్టి ఇక్కడే ఎక్కువగా పాడవుతుంది.

మందులకు గడియారం ఇంకా కఠినం. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు ఆపకుండా మింగాలి. వికారం చేసి పదో రోజుకే మానేసేవాళ్లుంటారు. ఈ మాత్రలకు వికారం మామూలేనని, మానొద్దని ముందే చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇది. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర మొదటి మూడు రోజుల్లో బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా ఇవ్వొచ్చు. హెపటైటిస్ బీ టీకా ఉంది. ఆలస్యంగా గర్భం బయటపడితే 2021 సవరణ తర్వాత అత్యాచార బాధితులకు 24 వారాల దాకా గర్భస్రావానికి వీలుంది. 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి.

వీటిలో దేనికీ ఎఫ్ఐఆర్ అడగకూడదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 397 ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రైనా, ప్రైవేటు నర్సింగ్ హోమైనా ఉచితంగా చికిత్స ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 200 కింద ఏడాది దాకా జైలు. "ముందు స్టేషన్‌కు పోయి రండి" అన్నవాళ్లకు ఈ రెండు అంకెలు చెబితే స్వరం మారుతుంది. ఆస్పత్రి పోలీసులకు సమాచారం పంపుతుంది, అది వాళ్ల బాధ్యత. ఆమె ఫిర్యాదు ఇవ్వనంటే ఆ మాటే రాసి సంతకం తీసుకుంటారు, మందులు ఆగవు. పరీక్షలో ఒక్కో మెట్టుకూ ఆమె ఒప్పుకోవాలి. ఒకటి వద్దని మిగతావి ఒప్పుకోవచ్చు. రెండువేళ్ల పరీక్షను 2022లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా నిషేధించింది. చేస్తే ఆ డాక్టరుది దుష్ప్రవర్తన.

స్టాంపు పేపరు

కాగితం వద్దనే పెద్దమనుషులు తాము మాత్రం కాగితం రాయిస్తారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద, "భార్యాభర్తల మధ్య చిన్న చిన్న మనస్పర్థలు వచ్చినందున" అని మొదలవుతుంది. "ఇకమీదట తాగి కొట్టనని" అతని సంతకం, "ఇకమీదట ఎదురు మాట్లాడనని" ఆమె వేలిముద్ర, కింద ఐదుగురు సాక్షులు, ఐదుగురూ మగవాళ్లే. ఆ పేపరు పెద్దమనిషి బీరువాలో ఉంటుంది. ఆమె దగ్గర జిరాక్సు కూడా ఉండదు.

నా మాట వింటే ఆ రోజే దాన్ని ఫోటో తీసుకోండి. "ఇకమీదట కొట్టను" అంటే ఇంతవరకు కొట్టానని ఒప్పుకున్నట్టే. మాట తప్పితే కోర్టులో పనికొచ్చేది అదే. వాళ్లు కాపురం నిలబెట్టడానికి రాయించిన కాగితం ఆమెను నిలబెట్టడానికి ఉపయోగపడుతుంది.

కౌన్సెలింగ్ అనే మాట కూడా ఇలాగే అర్థం మారిపోయింది. స్టేషన్‌లోనైనా, ఆఫీసులోనైనా అది పంచాయితీకి ఇంగ్లీషు పేరు. మొదటి ప్రశ్న ఆమెకే: "నువ్వేమన్నావమ్మా, ఊరికే కొడతాడా?" గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు దీనికి పూర్తిగా విరుద్ధం. కౌన్సెలింగ్‌లో అతను హింసను ఏ కారణంతోనూ సమర్థించుకోకూడదు. మళ్లీ చేయనని హామీ ఇవ్వాలి. కూర అడుగంటింది, ఫోను మాట్లాడుతోంది, మా అమ్మకు ఎదురు చెప్పింది, ఇవేవీ ఆ గదిలో చెల్లవు. ఆ నియమం చదివిన కౌన్సెలర్ దొరికితే ఆమె అదృష్టం.

డీఐఆర్ అంటే కేసు కాదు

చాలామంది ఆడవాళ్లు మొదటే చెప్పేస్తారు: "నాకు కేసు వద్దు సార్, కొట్టకుండా ఉంటే చాలు." దీన్ని పిరికితనం అనుకునే లాయర్లు, యాక్టివిస్టులు ఉన్నారు. ఆమె అలా కోరుకోవడంలో తప్పేం లేదు. 2005 గృహహింస చట్టం సరిగ్గా ఇలాంటి ఆడవాళ్ల కోసమే చేసింది.

ఆ చట్టం కింద నియమించిన రక్షణ అధికారి దగ్గర ఫారం-1 ఉంటుంది, దాన్నే డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) అంటారు. కొట్టడం, లైంగిక హింస, తిట్లు, డబ్బు ఆపేయడం, కట్నం వేధింపు, ఒక్కోదానికి విడివిడి గడులు. లైంగిక హింస గడి దాదాపు ఎప్పుడూ ఖాళీయే. మొగుడి బలవంతాన్ని బీఎన్ఎస్ అత్యాచారంగా లెక్కించదు, భార్యకు పద్దెనిమిది నిండితే దానికి మినహాయింపు ఉంది. గృహహింస చట్టం మాత్రం దాన్ని లైంగిక హింసగా గుర్తిస్తుంది. మగ అధికారి ముందు, అన్న పక్కన కూర్చుని ఆ గడి నింపమంటే ఎవరు నింపుతారు? అడగాల్సిన చోటు, అడగాల్సిన మనిషి వేరుగా ఉండాలి.

డీఐఆర్‌తో ఎవరూ అరెస్టు కారు. అది లేకపోయినా మేజిస్ట్రేట్ దగ్గర డీవీసీ (గృహహింస కేసు) వేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఉంటే బలం. పుట్టింట్లో ఉంటున్నా, నెల్లూరులో హాస్టల్లో ఉంటున్నా, ఆమె తాత్కాలికంగా ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ చాలు, 15100కు ఫోన్ చేసినా సరే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గృహహింస చట్టం సెక్షన్ 12 కింద అసలు పిటిషన్ వేస్తారు, దాంతోపాటు సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వుల కోసం ఫారం-3 అఫిడవిట్ వేయరు. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని చట్టంలో ఉంది గానీ, నోటీసు "డోర్ లాక్" అని తిరిగొస్తే నెలలు గడుస్తాయి. మొగుడు చెన్నైలోనో బెంగుళూరులోనో ఉంటాడు. సెక్షన్ 23 ఉంటే అతను రాకపోయినా మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వగలడు. ఆ ఉత్తర్వును అతను మీరితే అది నేరం, ఏడాది దాకా జైలు. లాయరును మొదటిరోజే అడగండి: "ఐఏ (మధ్యంతర అర్జీ) వేశారా?"

మనోవర్తి దగ్గర మన జిల్లాల తిప్పలు వేరు. రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నవాడికి, చీమకుర్తి క్వారీలో లారీ తిప్పేవాడికి జీతం చీటీ ఉండదు. "రోజు కూలీని సార్" అంటాడు. అప్పుడు గుంట లీజు కాగితం, లారీ ఆర్‌సీ, అడంగల్, బంగారం కుదవ పెట్టిన రసీదు ఎవరి పేరున ఉందో, ఇవి పనికొస్తాయి. ఇల్లు వదిలే ముందు వీటి ఫోటోలు తీసుకున్న ఆమెకూ, తీసుకోని ఆమెకూ నెలనెలా వచ్చే డబ్బులో తేడా ఉంటుంది.

నా వాదనకు అడ్డుపడేవి

ఒకటి, కాగితమే ఆమెను చంపొచ్చు. ఇది ఊహ కాదు. ఓపీ చీటీ జాకెట్లో దొరికితే ఆ రాత్రి ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, మనకు తెలియదు. అందుకే రాయడం మన వంతు, ఎక్కడుంచాలో చెప్పడం ఆమె వంతు. ఇంటికి ఫోన్ చేయొచ్చా, ఏ వేళకు చేయాలి, ఎవరెత్తితే ఏమని చెప్పాలి, ఇవి అడక్కుండా కేంద్రం నుంచి ఇంటికి ఫోన్ కొట్టడం సాయం కాదు.

రెండు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయంలో గుట్టు ఉంచుతామని మాటివ్వలేం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు చెప్పాల్సిందే. ఆ సంగతి పిల్ల నోరు విప్పాక కాదు, ముందే చెప్పాలి. చెబితే కొందరు నోరు విప్పరు. దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు.

మూడు, దొంగ కేసులు. రచ్చబండ మీద ఈ మాట రాని రోజుండదు. నిజానికి వెంటనే రాసిన కాగితం అమాయకులకే ఎక్కువ మేలు. దెబ్బ తగిలిన రాత్రి ఆమె చెప్పేది మొగుడి పేరు, కర్ర, వేళ. ఏడాది తర్వాత లాయరు టైపు చేయించేసరికి పదకొండుమంది ముద్దాయిలు, అందులో హైదరాబాద్‌లో ఉండే ఆడబిడ్డ కూడా. ఆలస్యం చేయించి కేసును పెంచేది "ఇప్పుడే వద్దులే" అన్న పెద్దమనుషులే.

నాలుగోది నన్ను నిజంగా ఆలోచింపజేసేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు ఏ ఫారమూ నింపలేదు. వర్ధినేని రోశమ్మతోపాటు ఊరంతా కదిలింది. తాగొచ్చి కొట్టేవాణ్ని ఊరి ముందు నిలబెట్టింది. మరి కాగితం ఎందుకు? నాకు తోచింది ఇది. అక్కడ ఆడవాళ్లు గుంపు, మొగుడు ఒక్కడు. పంచాయితీలో మగవాళ్లు గుంపు, ఆమె ఒక్కతే. ఒంటరిగా నిలబడ్డ మనిషికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ ఉద్యమం కూడా చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధంగా కాగితం మీదికి రావాల్సి వచ్చింది.

ఐదు రోజుల తర్వాత

సఖి కేంద్రంలో ఇరవైనాలుగు గంటలూ తలుపు తీసే ఉండాలి, ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. గిద్దలూరు నుంచి, 2025 చివరిదాకా దాని జిల్లా కేంద్రమైన ఒంగోలుకు వంద కిలోమీటర్లకు పైనే. ఉదయగిరి నుంచి నెల్లూరుకూ దగ్గరేం కాదు. సంకలో పిల్ల, చేతిలో యాభై రూపాయలతో రాత్రి బస్సు ఎక్కి ఎవరూ రారు. 181కి ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రంతో కలుపుతారు. ప్రాణం మీదికొస్తే 112. 2025 మార్చి 8న మార్కాపురంలో ముఖ్యమంత్రి ప్రారంభించిన శక్తి యాప్ (ఆపదలో పోలీసులను పిలిచే యాప్) మంచిదే గానీ, దానికి స్మార్ట్‌ఫోన్ కావాలి. దెబ్బలు తినే ఆమె చేతిలో బటన్ ఫోను, అదీ రీఛార్జ్ మొగుడి దయ. 112 బటన్ ఫోన్లోనూ మోగుతుంది, అది నోటికి రావాలి.

ఐదు రోజుల తర్వాత శక్తి సదన్, అంటే ఆడవాళ్ల ఆశ్రయ గృహం. అక్కడ మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది. పెద్ద కొడుకును ఎక్కడ వదలాలని వెనక్కి పోయినవాళ్లున్నారు. ఇంకో పెద్ద ముడి డ్వాక్రా. ఆమె ఊరు వదిలితే నెల వాయిదా గ్రూపు మీద పడుతుంది. పదిమంది ఆడవాళ్లే "వచ్చెయ్యమ్మా, మా మీద పడింది" అని ఫోన్ చేస్తారు. కౌన్సెలర్ అడగాల్సిన ప్రశ్నల్లో "గ్రూపు వాయిదా ఎప్పుడు?" అన్నది కూడా ఉండాలి. రేషన్ కార్డు, పిల్లల టీసీ, గ్యాస్ బుక్కు, ఇవి తేలక వెనక్కి పోయేవాళ్లు మొగుడి మీద ప్రేమతో పోయేవాళ్లకంటే తక్కువేం కాదు.

అయినా ఆ గ్రూపులోనే దారి కూడా ఉంది. కళ్ల కింద నలుపు మొదట చూసేది గ్రూపు లీడరే. గృహహింస చట్టం సెక్షన్ 4 ప్రకారం పొరుగువాళ్లెవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇస్తే వాళ్ల మీద ఏ కేసూ నిలవదు. ఇది తెలిసిన లీడరు మీటింగు పుస్తకంలో ఆ వారం తేదీ పక్కన చిన్న గుర్తు పెట్టుకున్నా చాలు, తర్వాత సాక్ష్యం చెప్పడానికి తేదీ ఉంటుంది.

కాగితం ఎక్కడ దాచాలన్న ప్రశ్నకు జవాబు కూడా చాలాసార్లు ఆ లీడరు ఇల్లే. ఓపీ చీటీ, ఎంఎల్‌సీ నంబరు రాసిన ముక్క, ఆధార్ జిరాక్సు, స్టాంపు పేపరు ఫోటో తీసిన ప్రింటు, ఒక జత బట్టలు, రెండొందల రూపాయలు. పాత చీర గుడ్డలో మూట కట్టి, లీడరు ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టాలి. బియ్యం డబ్బాలో మగవాళ్లు చెయ్యి పెట్టరు.